ధర్మరాజుదీ జ్యేష్ఠా నక్షత్రమే: భారతాన్ని జాతకంతో, టారో కార్డులతో చదివితే

మా మేనకోడలిది జ్యేష్ఠా నక్షత్రం. పోయిన మాఘమాసంలో ఒక సంబంధం దాదాపు కుదిరింది. మాటాముచ్చటా అయిపోయాయి, లగ్నపత్రిక రాసుకునే రోజు కూడా అనుకున్నారు. అంతలో అబ్బాయి తరఫు వాళ్లు ఫోన్ చేసి "మా పెద్దోడికి మంచిది కాదంటున్నరు" అని తప్పుకున్నారు. జ్యేష్ఠలో పుట్టిన పిల్ల కోడలిగా వస్తే పెనిమిటి అన్నకు కీడు అని మన దగ్గర ఒక నమ్మకం ఉంది కదా, అదీ సంగతి. మా వదిన రెండు రోజులు అన్నం ముద్ద సరిగ్గా ముట్టలేదు. పిల్ల ఏడవలేదు. ఫోన్లో టారో కార్డులు, అంటే బొమ్మల ముక్క తీసి జోస్యం చెప్పేవి, చూడటం మొదలుపెట్టింది.

ఒక రోజు సాయంత్రం హనుమకొండలో మా ఇంటికొచ్చి, "అత్తా, ఒకామె భారతం మీద టారో చెప్తది. నాకు ద్రౌపది కార్డు వచ్చింది. అడుగుపెట్టిన ఇంటికి గొడవ తెచ్చే కార్డంట" అంది. పంచాంగం ఒక మాట అన్నది, కార్డు ఇంకో మాట అన్నది, రెండూ కలిసి ఆ పిల్ల నెత్తిన కూర్చున్నాయి. నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఓదార్పు చేతకాక, తెలిసిన ముక్క ఒకటి చెప్పాను. "బిడ్డా, ధర్మరాజుదీ జ్యేష్ఠా నక్షత్రమే."

నిజమే అది. ఆదిపర్వంలో యుధిష్ఠిరుడి పుట్టుక చెప్పేచోట వ్యాసుడు "ఐంద్రే చంద్రసమాయుక్తే ముహూర్తేఽభిజితేఽష్టమే" అన్నాడు. ఇంద్రుడు అధిదేవతగా ఉన్న నక్షత్రం జ్యేష్ఠ. చంద్రుడు ఆ నక్షత్రంలో ఉండగా, పగటిపూట ఎనిమిదోదైన అభిజిత్ ముహూర్తంలో, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు పుట్టాడు. ధర్మం తెలిసినవాళ్లలో ఇతనే మేటి అవుతాడని ఆకాశవాణి పలికింది.

పిల్ల ముఖం కొంచెం తేటపడింది. కానీ వంటింటి గడపలో నిలబడి వింటున్న మా వదిన ఊరుకోలేదు. "ధర్మరాజుకు అన్న ఉండె కద వదినా. కర్ణుడు. ఆయన ఏమాయె?" అంది.

నాకు ఆ పూట జవాబు దొరకలేదు. తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి అంటారు గానీ, వినడంలో ఇన్ని చిక్కులున్నాయని అప్పుడే తెలిసింది. ఆ ప్రశ్న పట్టుకుని నెల రోజులు ఉద్యోగ, భీష్మ పర్వాలు మళ్లీ తిరగేశాను. భారతంలో ఉన్న జ్యోతిషం ఏమిటి, ఇవాళ మనం దానికి అంటగడుతున్నది ఏమిటి, టారో అనే ఈ ఇటలీ పేకముక్కలకు కర్ణుడికి ఎక్కడ చుట్టరికం కలిసింది అన్నది విడివిడిగా చూస్తే తప్ప ఈ ముడి విడదు.

భారతంలో రాశి చక్రం లేదు

యూట్యూబ్‌లో కర్ణుడి జాతకం, దుర్యోధనుడి జాతకం అని పన్నెండు గడులు గీసి గ్రహాలు వేసి చూపిస్తుంటారు. ఆ గడులు భారతంలో లేవు. మేషం, వృషభం అంటూ పన్నెండు రాశుల పేర్లతో గ్రహాల స్థానం చెప్పే పద్ధతే ఆ కావ్యంలో కనిపించదు. అరణ్యపర్వంలో కలియుగం ముగింపు చెప్పేచోట "ఏకరాశౌ" అన్న మాట ఒకటి వస్తుంది గానీ, ఏ రాశి అన్న పేరు రాదు. లగ్నం, అంటే పుట్టిన వేళకు తూర్పున ఉదయించే రాశి, దాని ప్రస్తావన లేదు. ఆదివారం, సోమవారం అన్న వారాలు కూడా లేవు. ఉన్నవి నక్షత్రాలు, తిథులు, మాసాలు, ముహూర్తాలు, ఋతువులు. అర్జునుడు తనకు ఫల్గునుడన్న పేరు ఫల్గునీ నక్షత్రాల వేళ పుట్టినందుకు వచ్చిందని విరాటపర్వంలో ఉత్తరుడితో చెప్తాడు. బలరాముడు పుష్యమినాడు తీర్థయాత్రకు బయలుదేరి, నలభై రెండు రోజులకు శ్రవణం నాడు తిరిగి వచ్చానంటాడు. ఆ కాలం వాళ్ల గడియారం అంతా చంద్రుడి చుట్టూ తిరిగేది.

తేడా కళ్లకు కట్టాలంటే మన వేయిస్తంభాల గుడి శాసనం చూడండి. కాకతి రుద్రదేవుడు వేయించిన ఆ శాసనంలో తేదీ ఇలా ఉంటుంది: శకవర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. వడ్డవారమంటే శనివారం. ఇప్పటి లెక్కలో అది 1163 జనవరి 19. సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం అన్నీ పక్కాగా ఉన్నాయి. అదే భారత యుద్ధం మొదలైంది ఏ వారమో వ్యాసుడిని అడిగితే జవాబు రాదు. ఆ కొలత బద్ద ఆయన చేతిలో లేదు.

రాశులు, లగ్నం, భావాలు అనే పన్నెండు ఇళ్లతో కూడిన జాతక పద్ధతి మనకు తర్వాత వచ్చింది. యవనుల నుంచి, అంటే గ్రీకుల నుంచి. హోర, కేంద్రం, ద్రేక్కాణం అన్న మాటలు గ్రీకు మాటలే. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు తన జాతక గ్రంథంలో మేషాన్ని క్రియ అని, వృషభాన్ని తావురి అని, మిథునాన్ని జితుమ అని గ్రీకు పేర్లతో కూడా పిలిచాడు. యవనులు ఈ శాస్త్రంలో నిలకడ గలవాళ్లు, ఋషుల్లాగే పూజ్యులు అని రాయడానికి ఆయన వెనకాడలేదు. అంత నిజాయితీ ఇవాళ జాతకాలు చెప్పే చాలామందిలో చూడలేదు నేను. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పినంత మాత్రాన ఒక విద్య విలువ తగ్గదు. చెప్పకపోతేనే అనుమానం వస్తుంది.

కాబట్టి కర్ణుడిది ఫలానా లగ్నం, శని ఫలానా ఇంట్లో ఉన్నాడు కాబట్టే అతనికి ఆ కష్టాలు అని ఎవరైనా చెప్తే, అది కథ మొత్తం తెలిసిన తర్వాత వెనక్కి వెళ్లి వేసిన జాతకం. అట్లా వేసిన జాతకం తప్పే అవకాశం లేదు. మా వదిన ప్రశ్నలో ఉన్న బలమూ అదే, బలహీనతా అదే. కర్ణుడు చనిపోయాడని తెలుసు, ధర్మరాజు జ్యేష్ఠ అని తెలిసింది, రెండూ ముడి పడ్డాయి. భీమార్జున నకుల సహదేవులకు కూడా అన్న ధర్మరాజే కదా. వాళ్లలో ఎవరి నక్షత్రమూ ఆయన్ను తాకలేదేం అని ఎవరూ అడగరు.

శని మూడు చోట్ల

జాతకం వేసేవాళ్లు ఒక వైపైతే, భారతంలో గ్రహస్థితులు పట్టుకుని యుద్ధం తేదీ తేల్చేవాళ్లు ఇంకో వైపు. చదువుకున్నవాళ్లే, ఓపికగా లెక్కలు కట్టినవాళ్లే. వాళ్లకు వచ్చిన సంవత్సరాలు చూడండి. ప్రబోధచంద్ర సేన్‌గుప్తా క్రీ.పూ. 2449 అన్నారు. నరహరి ఆచార్ క్రీ.పూ. 3067. మన తెలుగువారు కోట వెంకటాచలం క్రీ.పూ. 3138. వర్తక్ క్రీ.పూ. 5561. ఒకే పుస్తకం నుంచి బయలుదేరి మూడువేల ఏళ్ల తేడాతో తేలారు.

ఎందుకిట్లా? కారణం మూలంలోనే ఉంది. భీష్మపర్వం మొదట్లో వ్యాసుడు ధృతరాష్ట్రుడికి అపశకునాలు చెప్తూ, శని రోహిణిని పీడిస్తున్నాడంటాడు. కాసేపటికి భగదైవత్యమైన నక్షత్రాన్ని, అంటే పుబ్బను, సూర్యపుత్రుడు, అంటే శనే, ఆక్రమించాడంటాడు. ఇంకాస్త ముందుకెళ్తే బృహస్పతి, శని ఇద్దరూ విశాఖ దగ్గర మండిపోతున్నారంటాడు. శని ఆకాశాన్ని ఒక చుట్టు చుట్టడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు పడుతుంది. ఇరవై ఏడు నక్షత్రాలకు పంచితే ఒక్కో నక్షత్రంలో సుమారు పదమూడు నెలలు. రోహిణి నుంచి పుబ్బకు ఏడున్నర ఏళ్ల నడక, విశాఖకు పదమూడేళ్ల నడక. ఒక్క రాత్రి మూడు చోట్లా ఉండటం కుదరదు. కుజుడి సంగతీ అంతే. కర్ణుడు ఉద్యోగపర్వంలో కుజుడు జ్యేష్ఠ దగ్గర వక్రించాడంటాడు, అంటే వెనక్కి నడుస్తున్నట్టు కనిపించాడని. కొద్ది వారాల తర్వాత వ్యాసుడు మఘలో వక్రించాడంటాడు. కుజుడు వక్రించేది ఇంచుమించు ఇరవై ఆరు నెలలకు ఒకసారి.

దీన్ని సర్దడానికి చాలా దారులు వెతికారు. పీడించడమంటే అక్కడ ఉండటం కాదు, దూరం నుంచి చూపు పడటం అని ఒకరు. గ్రహమన్న మాట తోకచుక్కలకు కూడా వాడారని మరొకరు. ఈ రెండో మాటలో కొంత పస ఉంది, ఎందుకంటే అదే అధ్యాయంలో ధూమకేతువు పుష్యమిని ఆక్రమించిందని చెప్తాడు. పుణెలోని భండార్కర్ సంస్థ 1,259 రాతప్రతులు పోల్చి 1966లో ముగించిన పరిష్కృత ప్రతిలోనూ ఈ చిక్కు పోలేదు. నాకు తోచినంతలో, ఇవి ఒకరు ఒక రాత్రి ఆకాశం చూసి రాసుకున్న లెక్కలు కావు. తరతరాల కథకులు తమకు తెలిసిన భయంకరమైన శకునాలన్నీ ఒకచోట పోగేశారు. అదే అధ్యాయంలో ఆవుకు గాడిద పుట్టిందని కూడా ఉంది మరి.

ఒక్క ఆనవాలు మాత్రం నన్ను ఆపింది. భీష్ముడు యాభై ఎనిమిది రాత్రులు అంపశయ్య మీద గడిపి, ఉత్తరాయణం వచ్చాక మాఘమాసంలో ప్రాణం విడిచాడు. మనకు మేడారం జాతర జరిగే మాఘ పున్నమికి ముందొచ్చే ఏకాదశి ఆయన పేరుతోనే ఉంది. మాఘంలో ఉత్తరాయణం మొదలవడం వేదాంగ జ్యోతిషం అనే పాత కాలగణన గ్రంథం నాటి పంచాంగం. అప్పుడు ధనిష్ఠ మొదట్లో సూర్యుడు ఉత్తరానికి తిరిగేవాడు. ఇవాళ డిసెంబరు 21, 22 తేదీల్లో మూలలో ఉండగా తిరుగుతున్నాడు. డెబ్భై రెండేళ్లకు ఒక డిగ్రీ చొప్పున జరిగే ఈ జారుడును లెక్కేస్తే సుమారు మూడువేల నాలుగు వందల ఏళ్లు వెనక్కి పోతాం. అది యుద్ధం జరిగిన తేదీ కాదు. ఆ కథ చెప్పినవాళ్లు వాడిన పంచాంగం వయసు.

ఎవరు, ఎవరికి చెప్పారు

తేదీలు, జాతకాలు రెండూ పక్కన పెట్టి, ఈ శకునాలు వచ్చే చోట్లు వరసగా చదివితే నాకొకటి కనిపించింది. భారతంలో నక్షత్రాలు ఊరికే ఆకాశంలో ఉండవు. ప్రతిసారీ ఒక మనిషి ఇంకో మనిషికి చెప్తాడు. వినే ఆ మనిషి, ఆ క్షణంలో, జరగబోయేది ఆపగలిగినవాడే అయి ఉంటాడు.

దుర్యోధనుడు పుట్టినప్పుడు నక్కలు కూశాయి. విదురుడు ధృతరాష్ట్రుడితో, ఈ ఒక్కణ్ని వదిలెయ్యి, తొంభై తొమ్మిది మంది మిగులుతారు కదా అన్నాడు. కులం కోసం, అంటే వంశం కోసం, ఒకణ్ని వదులుకోవాలన్న పేరుమోసిన శ్లోకం అక్కడిదే. పుట్టిన బిడ్డను వదిలెయ్యమనడం ఇవాళ మనకు ఒళ్లు జలదరించే మాట, నేను దాన్ని సమర్థించను. కానీ విదురుడు చెప్పింది ఇక ఇట్లనే జరుగుతుందని కాదు. నీ చేతిలో ఉందని చెప్పాడు.

భీష్మపర్వంలో వ్యాసుడు అన్ని గ్రహాలూ ఏకరువు పెట్టింది కూడా అదే ధృతరాష్ట్రుడి ముందు. విన్నాక గుడ్డిరాజు ఏమన్నాడో తెలుసా? "దిష్టమేతత్ పురా మన్యే." ఇదంతా ముందే రాసిపెట్టి ఉందనుకుంటాను అన్నాడు. యుద్ధంలో చచ్చిన క్షత్రియులు స్వర్గానికి పోతారులే అని కూడా అన్నాడు. వ్యాసుడు ఊరుకోలేదు. జ్ఞాతులను చంపడం నీచమంటారు, నాకు ఇష్టం కాని ఈ పని చెయ్యకు అని మళ్లీ బతిమాలాడు. విధి అన్న మాట ఇక్కడ జ్యోతిషం చెప్పినవాడి నోట రాలేదు. వినడం ఇష్టం లేనివాడి నోట వచ్చింది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే భారతాన్ని జాతకంతో చదవడం గురించి సగం తెలిసినట్టే అని నేను నమ్ముతున్నాను.

యుద్ధానికి ముహూర్తం పెట్టింది సహదేవుడని మన పల్లెల్లో చెప్పుకుంటారు. మూలంలో ఆ పని చేసింది కృష్ణుడు. కర్ణుడిని రథమెక్కించుకుని మాట్లాడిన ఘట్టంలో, ఈ రోజుకు ఏడో రోజున అమావాస్య, అప్పుడు యుద్ధం మొదలుపెట్టమని భీష్మద్రోణులకు చెప్పు అంటాడు. అట్లా చెప్తూ ఆయన చూసినవి గ్రహాలు కావు. ఈ మాసం బాగుంది, పశువులకు మేత, పొయ్యికి కట్టెలు దొరుకుతాయి, బురద లేదు, నీళ్లు రుచిగా ఉన్నాయి, ఎండా చలీ రెండూ మితంగా ఉన్నాయి, ఈగలు తక్కువ అంటాడు. "అల్పమక్షికః" అని ఈగల మాట అక్షరాలా ఉంది. వానాకాలం పంట కోసి ఇంటికి తెచ్చుకునే ఆ రోజుల్ని ఎరిగిన మన రైతు కూడా ఆ మాసం గురించి ఇదే చెప్తాడు.

దానికి జవాబుగా కర్ణుడు గ్రహాలు చెప్పాడు. శకునాలు చెప్పాడు. ఆ తర్వాత ఒక కల చెప్పాడు.

ఆ కల ఇది. వెయ్యి స్తంభాల మేడ మీదికి ధర్మరాజు తమ్ముళ్లతో కలిసి ఎక్కుతున్నాడు. అందరూ తెల్లని తలపాగాలు, తెల్లని బట్టలు కట్టుకున్నారు. ధర్మరాజు ఎముకల కుప్ప మీద కూర్చుని, బంగారు గిన్నెలో నెయ్యి పోసిన పాయసం సంతోషంగా తింటున్నాడు. భీష్మద్రోణులు ఒంటెలు కట్టిన బండి ఎక్కి దక్షిణానికి, యముడి దిక్కుకు పోతున్నారు. కౌరవుల వైపు రాజులందరి తలపాగాలూ ఎర్రగా ఉన్నాయి. ముగ్గురివి మాత్రం తెల్లగా ఉన్నాయి. అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. యుద్ధం అయ్యాక కౌరవసేనలో ప్రాణాలతో మిగిలింది ఆ ముగ్గురే.

వేయిస్తంభాల గుడికి కూతవేటు దూరంలో ఇల్లున్న దాన్ని. ఆ "సహస్రపాదం ప్రాసాదం" అన్న మాట చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మన గుడిలో ఉన్న మూడు గర్భగృహాలు శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి. కర్ణుడి తండ్రికి కూడా ఒక గది ఉంది.

బొమ్మల్లో భారతం

కర్ణుడి కలను ఒక చిత్రకారుడికి ఇస్తే ఏం గీస్తాడు? ఎముకల కుప్ప, బంగారు గిన్నె, తెల్లని తలపాగా. అది ఒక కార్డు. టారో కార్డులకు భారతం ఎందుకు ఇంత బాగా అతుకుతుందో నాకు ఈ కల దగ్గర అర్థమైంది. భారతంలో మాటలు ఎన్ని ఉన్నాయో బొమ్మలూ అన్ని ఉన్నాయి.

టారో గురించి ముందు కొన్ని సంగతులు. ఇది ప్రాచీన ఈజిప్టు విద్య అని చెప్తుంటారు. కాదు. పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. 78 ముక్కలు, అందులో 22 బొమ్మల తురుపులు. మూడు వందల ఏళ్లకు పైగా జనం వాటితో ఆడుకున్నారు. 1781లో కూర్ ద జెబలాఁ అనే ఫ్రెంచి పండితుడు వీటిలో ఈజిప్టు రహస్యాలున్నాయని రాశాకే జోస్యానికి ఊపు వచ్చింది. అప్పటికి ఈజిప్టు లిపి చదవడం ఎవరికీ రాదు. గ్రహాలను, రాశులను ఈ ముక్కలకు అంటించింది పంతొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండులోని ఒక రహస్య సంఘం. ఇవాళ అందరి చేతుల్లో కనిపించే బొమ్మలు 1909లో పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆమె గీసినవి.

మనకు ముక్కలు కొత్త కావు. మన నిర్మల్‌లోనే గంజీఫా ముక్కలు తయారయ్యేవి. గుండ్రంగా ఉండే దశావతార గంజీఫాలో పది అవతారాలకు పన్నెండు చొప్పున 120 ముక్కలు. అవి ఆడుకోవడానికే. బొమ్మ చూపించి కథ చెప్పడానికి చేర్యాల పటాలు ఉండనే ఉన్నాయి. కాకిపడగల వాళ్లు ముదిరాజుల ఇళ్ల ముందు పటం విప్పి పాండవుల కథ చెప్పేవాళ్లు. బొమ్మ తీసి జోస్యం చెప్పడానికి చిలక జోస్యం ఉంది. పాత పంచాంగాల్లో, పెద్ద బాలశిక్షలో కళ్లు మూసుకుని వేలు పెట్టే సీతారామ చక్రాలు ఉన్నాయి. వానలు పడకపోతే ఊళ్లో విరాటపర్వం చదివించడం నా చిన్నప్పుడు నేను చూశాను. కథను మన అవసరానికి అడగడం, బొమ్మను దిక్కు అడగడం ఈ నేలకు పాతవే. టారోను పరాయిదని కొట్టేయడం నాకు న్యాయంగా అనిపించదు.

అయితే ఏ కార్డును ఎవరికి అతికిస్తున్నామన్నది జాగ్రత్తగా చూడాలి. రథం కార్డుకు కృష్ణార్జునులు, కూలే బురుజుకు లక్క ఇల్లు, సూర్యుడికి కర్ణుడు, న్యాయానికి ధర్మరాజు. ఇవన్నీ మొదటి చూపులోనే తోస్తాయి, అక్కడితో అయిపోతాయి. బాకా ఊదే దేవదూత, సమాధుల్లోంచి లేచే జనం ఉన్న తీర్పు కార్డు ఎవరికీ అతకదు. అది క్రైస్తవుల తుదిరోజు బొమ్మ. పునర్జన్మ ఉన్న కథలో దానికి చోటు లేదు. పైగా మొదటి కార్డు నుంచి చివరిదాకా ఒకే మనిషి ప్రయాణంగా ఆ 22 బొమ్మల్ని చదువుతారు. భారతంలో ఆ ఒక్క మనిషి ఎవరు?

నన్ను కదిలించింది పన్నెండో కార్డు. ఒక కాలికి తాడు కట్టి తలకిందులుగా వేలాడే మనిషి. ముఖం ప్రశాంతంగా ఉంటుంది, తల చుట్టూ వెలుగు. దీన్ని భీష్ముడంటారు. తన ఇష్టంతో బాధను మోసినవాడు, కాలం కోసం కాచుకున్నవాడు. అతికినట్టే ఉంది. కానీ ఆ కార్డుకు ఇటలీలో మొదట ఉన్న పేరు ద్రోహి. ద్రోహం చేసినవాళ్లను అట్లా తలకిందులుగా వేలాడదీసినట్టు గోడల మీద బొమ్మలు గీసి పరువు తీసేవాళ్లు. తర్వాతి కాలంలో అదే బొమ్మ త్యాగానికి గుర్తయింది. ఇప్పుడు భీష్ముడిని తలుచుకోండి. తండ్రి కోసం రాజ్యం, పెళ్లి వదులుకున్న త్యాగి. అదే మనిషి నిండు సభలో ద్రౌపది ప్రశ్న అడిగినప్పుడు ధర్మం సూక్ష్మం, చెప్పలేను అన్నాడు. త్యాగమా, ద్రోహమా? ఒకే బొమ్మకు ఆరు వందల ఏళ్లలో పట్టిన రెండు అర్థాలూ ఆ ముసలాయన మీద ఒకేసారి నిలబడతాయి. ఇంత చూపించగలిగితే టారో మనకు ఒక పని చేసిపెట్టినట్టే.

మరి మా పిల్లకు వచ్చిన ద్రౌపది కార్డు? ఇంటికి గొడవ తెచ్చే ఆడదని చెప్పినామె భారతం చదవలేదు. జూదమాడింది ద్రౌపది కాదు. ఒడ్డింది ఆమె కాదు. జుట్టుపట్టి ఈడ్వబోతే ఆమె అడిగింది ఒక్క ప్రశ్న. "నన్ను ముందు ఓడాడా, తనను తాను ముందు ఓడాడా?" ఆ సభలో ఉన్న పెద్దలెవరికీ జవాబు రాలేదు. అసలైన ద్రౌపది కార్డు ఉంటే, దాని అర్థం నిలబడి అడగమని. "నీకు ఆ కార్డే వస్తే మంచిదే వచ్చింది బిడ్డా" అని చెప్పాను.

ఇక మా వదిన ప్రశ్న

ధర్మరాజు జ్యేష్ఠ, కర్ణుడు అన్న, ఆ అన్న పోయాడు. జవాబు కర్ణుడే చెప్పాడు, ఆ రథంలోనే. నువ్వు కుంతి పెద్దకొడుకువి, రా, పాండవులు నీ కాళ్లు పట్టుకుంటారు, రాజ్యం నీది అని కృష్ణుడు ఆ రోజు నిజం చెప్పేశాడు. కర్ణుడు ఒప్పుకోలేదు. రాధ పాలిచ్చింది, అధిరథుడు పేరు పెట్టాడు, సూతుల ఇంట పెళ్లి చేసుకున్నాను, దుర్యోధనుడు నన్ను నమ్మి యుద్ధానికి దిగాడు, భూమి మొత్తం ఇచ్చినా ఆ బంధం తెంపను అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఈ సంగతి ధర్మరాజుకు చెప్పొద్దు, నేను అన్ననని తెలిస్తే అతను రాజ్యం తీసుకోడు.

అంటే తమ్ముడి గుణం అన్నకు తెలుసు. తాను ఓడిపోతానని ఆకాశం చూసి తెలుసుకున్నాడు, కలలో చూశాడు, నోటితో చెప్పాడు. ఆపడానికి వీలున్న చివరి క్షణంలో, అన్నీ తెలిసి, తన దారి తాను ఎంచుకున్నాడు. ధర్మరాజు నక్షత్రం ఆ రథంలో ఎక్కడా లేదు. ఆ అధ్యాయం చివర కర్ణుడు కృష్ణుడిని గట్టిగా కౌగలించుకుని, రథం దిగి, బంగారు సొగసుల తన రథమెక్కి వెనక్కి వెళ్లాడు. "దీనమానసః" అంటాడు వ్యాసుడు. కృష్ణుడు సారథితో "యాహి, యాహి" అన్నాడు. పద, పద అని రెండుసార్లు.

ఇదంతా మా ఇంటి వరండాలో పిల్లకు చదివి వినిపించాను. తిక్కన తెలుగు చేసిన పర్వాలు ఇవి. ఆయన ఒకప్పుడు ఓరుగల్లుకు వచ్చి గణపతిదేవుడిని కలిశాడని మన దగ్గర చెప్పుకుంటారు. మా వదిన చిక్కుడుకాయలు ఒలుస్తూ పక్కనే కూర్చుంది. చదవడం ఆపాక కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

"అన్నీ తెలిసి ఎందుకు పోయిండు అత్తా?" అంది పిల్ల.

జవాబు మా వదిన చెప్పింది. "పాలిచ్చిన తల్లిని ఎట్ల ఇడిచిపెడతడు?" చిక్కుడుకాయల చాట పక్కకు జరిపి నా వైపు తిరిగింది. "తర్వాత ఏమున్నది వదినా, చదువు."

తర్వాతిది కుంతి గంగ ఒడ్డుకు కర్ణుడి దగ్గరికి వెళ్లే ఘట్టం. పేజీ తిప్పాను.